నాలుగు మీటర్ల గుడ్డ, కోడలి లెక్కలు

మా ఖమ్మం ఇంట్లో ముందు గది గోడకి హో చి మిన్ బొమ్మ ఒకటి ఉండేది. పాత క్యాలెండరులోంచి కత్తిరించి ఫ్రేము కట్టించింది. నాన్న బడిపంతులు, పార్టీ మనిషి. ఆయనకి వియత్నాం అంటే 1975 ఏప్రిల్ 30, సైగాన్‌లో అధ్యక్ష భవనం గేటు విరగ్గొట్టుకుని లోపలికి దూసుకుపోయిన ట్యాంకు. ఆ ట్యాంకు తర్వాత ఆ దేశం ఏం తింది, జీతాలు ఎలా ఇచ్చుకుంది, బియ్యం కోసం ఎంతసేపు క్యూలో నిలబడింది అనే ప్రస్తావన మా ఇంట్లో వచ్చినట్టు నాకు గుర్తులేదు. మా ఇంట్లోనే ఏంటి, వియత్నాం గురించి తెలుగులో నేను చదివిన కవిత్వం, వ్యాసాలు దాదాపు అన్నీ ఆ ట్యాంకు దగ్గరే ఆగిపోయాయి.

ఇప్పుడు ఆ పేరు మళ్ళీ వినిపిస్తోంది, వేరే రకంగా. తూత్తుకుడిలో విన్‌ఫాస్ట్ అనే వియత్నాం కంపెనీ కార్ల ఫ్యాక్టరీ పెట్టింది. హైదరాబాద్ కుర్రాళ్ళు సెలవులకి హనోయ్ వెళ్ళొచ్చి ఫోటోలు పెడుతున్నారు. దాంతోపాటు రెండు రకాల వ్యాఖ్యానాలు. కమ్యూనిస్టులు కళ్ళు తెరిచి మార్కెట్టుకి తలుపులు తీశారు, దేశం బాగుపడింది అని ఒకటి. అంత నెత్తురు ధారపోసి చివరికి అమ్ముకున్నారని ఇంకొకటి. రెండు పక్షాలూ పోట్లాడుకుంటాయి గానీ ఒక విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట: మార్కెట్టుని తెచ్చింది పార్టీ. పైన ఎవరో తీర్మానం చేశారు, కింద జనం బతుకులు మారాయి.

ఇది తప్పని నాకు ఒక కథ చెప్పింది. నిజం చెప్పాలంటే ఆ కథని కూడా నేను మొదటిసారి తప్పుగానే చదివాను.

కథ పేరు 'రిటైరైన జనరల్'. రాసింది ఙుయెన్ హుయ్ థియెప్. (మన అక్షరమాలలో ఏ పనీ లేకుండా కూర్చున్న 'ఙ'కి వియత్నాం వాళ్ళ పేర్లు రాసేటప్పుడు చేతినిండా పని. ఆ దేశంలో చాలామంది ఇంటిపేరు ఈ అక్షరంతోనే మొదలవుతుంది.) థియెప్ 1950లో పుట్టాడు, 2021లో పోయాడు. వాయవ్యాన కొండల్లో, సోన్ లా ప్రాంతంలో పదేళ్ళు చరిత్ర పాఠాలు చెప్పాడు. ఈ కథ 1987 జూన్‌లో రచయితల సంఘం వారపత్రిక 'వాన్ ఙె'లో వచ్చింది. మరుసటేడు సినిమాగానూ తీశారు. ఇంగ్లీషులో గ్రెగ్ లాక్‌హార్ట్ అనువాదం 1992లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేశారు. నేను చదివింది అదే.

కథ పెద్దదేం కాదు, చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. డెబ్బై ఏళ్ళ జనరల్ థ్వాన్ జీవితమంతా సైన్యంలో గడిపి హనోయ్ శివారులో ఉన్న ఇంటికి చేరుకుంటాడు. భార్యకి మతి చలించింది. ఒక్కడే కొడుకు, ఇంజనీరు. కథ చెప్పేది అతనే. తండ్రీ కొడుకుల పేర్లు మన లిపిలో రాస్తే ఒకటే, అక్కడ స్వరం మాత్రమే తేడా. కోడలు థ్వీ ప్రసూతి ఆస్పత్రిలో డాక్టరు. ఇంట్లోనే ఒక ముసలాయన, మతిస్థిమితం అంతగా లేని ఆయన కూతురూ పనికి ఉంటారు. వచ్చిన రోజున జనరల్ తన వెంట తెచ్చిన మిలిటరీ గుడ్డని అందరికీ సమానంగా పంచుతాడు. మనిషికి నాలుగు మీటర్లు. కొడుక్కీ అంతే, పనివాళ్ళకీ అంతే. కొడుకు నవ్వుతాడు. ఇంటిల్లిపాదీ ఒకే గుడ్డ కట్టుకుంటే ఇల్లు బారక్సు అవుతుందని కోడలు అంటుంది. అందరూ నవ్వేస్తారు.

రిటైరయ్యాక ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది. జ్ఞాపకాలు రాయమంటాడు కొడుకు. వద్దంటాడు తండ్రి. చిలకల్ని పెంచి చూడమంటుంది కోడలు. ఆ రోజుల్లో ఊళ్ళో పిట్టల్ని పెంచి అమ్మేవాళ్ళు చాలామంది. డబ్బు కోసమా అని ఆయన అడుగుతాడు. ఆవిడ జవాబు చెప్పదు.

తర్వాత వచ్చే దృశ్యాన్ని ఈ కథ చదివినవాళ్ళెవరూ మర్చిపోలేరు. థ్వీ ఇంట్లో జాతి కుక్కల్ని పెంచి పిల్లల్ని అమ్ముతుంది. ఆస్పత్రిలో గర్భస్రావాల విభాగం ఆవిడ చేతిలో ఉంటుంది. అక్కడి పిండాల్ని ఫ్లాస్కులో పెట్టి ఇంటికి తెస్తుంది. పనివాళ్ళు వాటిని ఉడకబెట్టి కుక్కలకీ పందులకీ వేస్తారు. ఒకరోజు జనరల్ ఆ కుండ చూస్తాడు. ఫ్లాస్కు తీసి కుక్కల మీదకి విసురుతాడు, ఏడుస్తాడు, ఈ సంపద నాకొద్దంటాడు. కోడలు వెళ్ళి పనివాణ్ణి మందలిస్తుంది, ముందే రుబ్బి ఉంటే పెద్దాయనకి తెలిసేది కాదు కదా అని. కొడుక్కి ఈ విషయం ముందునుంచీ తెలుసు. అంత ముఖ్యం అనిపించలేదట, వదిలేశాడట. ఈ ముక్క థియెప్ ఏ ఒత్తిడీ లేకుండా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పేస్తాడు.

చివరికి భార్య పోయాక జనరల్ తన పాత దళం దగ్గరకి వెళ్తాడు. అక్కడే చనిపోతాడు. సైనిక లాంఛనాలతో పాతిపెడతారు.

మొదటిసారి చదివినప్పుడు నేను పూర్తిగా జనరల్ పక్షం. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. విప్లవం ఇంటికొచ్చేసరికి ఇంట్లో మార్కెట్టు కూర్చుని ఉంది, మనిషి మాంసం కుక్కలకి పెడుతోంది. ఇంతకన్నా పెద్ద విమర్శ ఏం కావాలి? పుస్తకం మార్జిన్‌లో 'సంస్కరణల అసలు ముఖం' అని రాసుకున్నాను కూడా. ఆ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. ఆ మాట చూసినప్పుడల్లా కాస్త సిగ్గేస్తుంది.

ఎందుకో చెప్పాలంటే తారీఖుల దగ్గరికి వెళ్ళాలి. సంస్కరణలకి వియత్నాంలో 'దోయ్ మోయ్' అని పేరు. మార్చి కొత్తది చేయడం అని అర్థం. ఆరో పార్టీ మహాసభ దాన్ని ఆమోదించింది 1986 డిసెంబర్‌లో. కథ అచ్చయింది ఆరు నెలల తర్వాత. అప్పటికి మహాసభ మాటలు ఇంకా కాగితం మీదే ఉన్నాయి. భూమిని కుటుంబాలకి వదిలిన పదో నంబరు తీర్మానం 1988 ఏప్రిల్‌లో వచ్చింది. ధరల మీద పట్టు వదిలింది 1989లో. అంటే థ్వీ కుక్కల వ్యాపారం మొదలుపెట్టిననాటికి సంస్కరణలు లేవు. నేను 'సంస్కరణల ముఖం' అనుకున్నది అంతకుముందు కాలపు ముఖం.

ఆ కాలానికి అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు 'బావ్ కప్'. సర్కారే అన్నీ సమకూర్చి పెట్టే కాలం. బియ్యం, మాంసం, గుడ్డ, కిరోసిన్, అన్నిటికీ కూపన్లు. బియ్యం పుస్తకం పారేసుకున్నవాడి మొహంలా ఉంది అనే సామెత వియత్నాంలో ఇప్పటికీ బతికే ఉంది. క్యూలో తమ బదులు పేరు రాసిన ఇటుక పెట్టి వెళ్ళేవాళ్ళు. రేషన్ షాపు ముందు చెప్పులూ సంచులూ వరసగా పెట్టి చెట్టు కింద కూర్చున్న మనకి ఇది అర్థం కావడానికి అనువాదం అక్కర్లేదు. జీతం నెలలో సగం కూడా రాదు. 1985లో నోట్లు మార్చారు, పది పాత డాంగ్‌లకి ఒక కొత్త డాంగ్. అది బెడిసికొట్టింది. 1986లో ధరలు ఒక్క ఏడాదిలో ఏడు వందల శాతానికి పైగా పెరిగాయి. హనోయ్ ఫ్లాట్లలో ఉద్యోగస్తులు స్నానాల గదుల్లో పందుల్ని పెంచారు. ప్రొఫెసరు పందిని పెంచుతున్నాడా, పంది ప్రొఫెసర్ని పెంచుతోందా అని అప్పటి జోకు. డాక్టరు కుక్కల్ని పెంచడం అక్కడ వింతేమీ కాదు. ఇరుగుపొరుగు అందరూ ఏదో ఒకటి పెంచుతూనే ఉన్నారు.

ఇంకో సంగతి చూడండి. థ్వీ వ్యాపారానికి ముడిసరుకు ఎక్కడిది? సర్కారు ఆస్పత్రిది, అదీ ఉచితంగా. తయారైన సరుకు అమ్మేది? బయట, బయటి ధరకి. ఆనాటి వియత్నాం ఆర్థిక వ్యవస్థ మొత్తం నడిచింది ఈ పద్ధతిలోనే. ఫ్యాక్టరీకి ప్రణాళిక ధరకి నూలు వస్తుంది, బట్టలో కొంత బయట అమ్ముకుంటుంది, ఆ డబ్బుతో కార్మికులకి బియ్యం కొంటుంది. దీనికి అక్కడి పేరు 'కంచె విరగ్గొట్టడం'. విరగ్గొట్టినవాళ్ళలో పార్టీ కార్యదర్శులూ ఫ్యాక్టరీ డైరెక్టర్లూ ఉన్నారు. సర్కారు సరుకు ఒక చేత్తో తీసుకుని బజారులో ఇంకో చేత్తో అమ్మే ఈ ఏర్పాటుని అర్థం చేసుకోవాలంటే లావుపాటి పుస్తకాలు చదవాలి. థియెప్ దాన్ని ఒక ఫ్లాస్కులో పెట్టి చూపించాడు. కావాలని చేశాడా అంటే చెప్పలేను. కథ మటుకు చేసింది.

ఇక పల్లెల్లో జరిగింది చెప్పాలి. అది లేకపోతే థ్వీ ఒక్కతే ఏదో రాక్షసిలా మిగిలిపోతుంది. ఉత్తర వియత్నాంలో భూమి సహకార సంఘాలది. రైతు పొద్దున్నే గంట కొడితే పొలానికి పోవాలి, పనికి పాయింట్లు వేస్తారు, పంట చివర పాయింట్లని బట్టి ధాన్యం. ఇంటి అవసరానికని భూమిలో ఐదు శాతం విడిగా వదిలారు. ఆ ఐదు శాతం నేల మీద కూరలూ కోళ్ళూ పందులూ. చాలా ఇళ్ళల్లో ఆదాయం సగానికి అటూ ఇటూగా ఆ చిన్న ముక్క నుంచే వచ్చేది. మనుషులు సంఘం పొలంలో ఒళ్ళు దాచుకుని తమ దొడ్లో ఒళ్ళు వంచారు. ఎవరూ జెండా పట్టుకోలేదు, సమ్మె చేయలేదు. బెనెడిక్ట్ కర్క్‌వ్లీట్ అనే పరిశోధకుడు 2005లో ఒక పుస్తకమంతా దీని మీదే రాశాడు. ప్రభుత్వ విధానాన్ని మార్చింది రైతుల ఈ రోజువారీ మొండితనమేనని ఆయన వాదన. నాకు నమ్మకం కలిగించిన వాదన కూడా.

విన్ ఫుక్ అనే జిల్లాలాంటి రాష్ట్రంలో పార్టీ కార్యదర్శి కిమ్ ఙోక్ ఇది కళ్ళతో చూశాడు. 1966లో, అమెరికా బాంబులు పడుతుండగానే, సంఘం భూమిని కుటుంబాలకి కౌలులాగా అప్పజెప్పే తీర్మానం చేయించాడు. ఇంత పంట సంఘానికి, మిగిలింది మీకు. రెండేళ్ళ తర్వాత పార్టీ అగ్రనాయకుల్లో ఒకడైన ట్రువాంగ్ చిన్ దాన్ని తీవ్రంగా ఖండించాడు. కిమ్ ఙోక్ ఆత్మవిమర్శ చేసుకోవాల్సి వచ్చింది. 1979లో పోయాడు. 1981 జనవరిలో నూరో నంబరు ఆదేశం ఆయన చెప్పినదాన్నే దాదాపుగా దేశమంతా అమలు చేసింది. 1986 జూలైలో లె దువాన్ చనిపోయాక ప్రధాన కార్యదర్శి అయ్యి, మహాసభకి సంస్కరణల నివేదిక రాయించి చదివిందెవరో తెలుసా? అదే ట్రువాంగ్ చిన్. 1950ల భూసంస్కరణల్లో జరిగిన ఘోరాలకి బాధ్యుడిగా 1956లో ఇదే పదవి పోగొట్టుకున్నదీ ఆయనే. ముప్పై ఏళ్ళలో మూడు చోట్ల మూడు రకాలుగా కనిపించే ఈ మనిషి మీద ఎవరూ నవల రాయలేదేమిటా అనిపిస్తుంది నాకు.

రాయలేదని పూర్తిగా అనలేం. జువాంగ్ థు హువాంగ్ 1988లో రాసిన 'గుడ్డివాళ్ళ స్వర్గాలు' నవలలో ఆ భూసంస్కరణల దెబ్బ ఉంది. దాని గురించి ఒక పక్కదారి పడతాను, మళ్ళీ జనరల్ ఇంటికే వస్తాను. నవలలో అమ్మాయి హంగ్ సోవియట్ యూనియన్‌లో కూలికి పంపబడిన కార్మికురాలు. తల్లి హనోయ్ సందుల్లో తినుబండారాలు అమ్ముకుంటుంది. మేనమామ పార్టీ కార్యకర్త, ఊళ్ళో భూస్వాముల ముద్రలు వేసినవాడు, చివరికి మాస్కోలో సరుకులు అటూ ఇటూ చేసి అమ్ముకుంటాడు. మేనత్త తామ్‌ది ఆ ముద్ర పడ్డ కుటుంబం. అన్నీ పోగొట్టుకుని, రెక్కల కష్టం మీద మళ్ళీ ఇల్లూ పొలమూ సంపాదిస్తుంది. ఈ తామ్ అత్త దగ్గర మార్కెట్టుకి ఒక గౌరవం ఉంది, కక్ష కూడా ఉంది. మేనకోడలికి ఆవిడ పెట్టే తిండి, చేయించే బంగారం ప్రేమేనా, పగ తీర్చుకోవడమా అన్నది హంగ్‌కి చివరిదాకా తేలదు. అమ్మాయి ఆ ఆస్తిని వద్దనుకుంటుంది. ఈ నవలని నిషేధించారు. రచయిత్రిని పార్టీ నుంచి పంపేశారు, 1991లో ఏడు నెలలు జైల్లో పెట్టారు.

కథగా థియెప్‌దే గట్టిది. హువాంగ్ నవలలో కోపం ఎక్కువైన చోట మేనమామ కార్టూన్ అయిపోతాడు. కానీ ఒక్క విషయంలో ఆవిడ థియెప్ కన్నా ముందుంది. డబ్బు సంపాదించే ఆడమనిషి లోపల ఏముందో చూడ్డానికి ప్రయత్నించింది.

థియెప్ ఆ పని చేయలేదు. రెండోసారి చదివినప్పుడు నాకు అడ్డం తిరిగింది ఇక్కడే. జనరల్ బాధ మనకి తెలుసు. నేనెందుకు ఇలా తప్పిపోయినవాడిలా ఉన్నానని ఆయనే అడుక్కుంటాడు. కొడుకు సిగ్గు మనకి తెలుసు. కథ మొదట్లోనే, నాన్న సమాధి ప్రశాంతతని చెడగొడుతున్నానని క్షమాపణలాంటిది చెప్పుకుంటాడు. థ్వీ లోపల ఏం జరుగుతోందో ఒక్క వాక్యం లేదు. ఆవిడ మాట్లాడేది అంతా పని గురించి, ఖర్చు గురించి. అత్తగారు పోతే అంత్యక్రియల విందుకి ఎన్ని పళ్ళేలు, ఎంత ఖర్చు అని లెక్క వేసేది ఆవిడే. బాబాయి ఆ లెక్క మీద కన్నేస్తాడు. మొగుడు అన్నీ చూస్తూ ఊరుకుంటాడు. అతని జీతంతో ఆ ఇల్లు నడవదని మనకి అర్థమవుతూనే ఉంటుంది. నాలుగు మీటర్ల గుడ్డ సమానంగా పంచిన జనరల్ కూడా ఆ రోజు నుంచీ తిన్నది ఆవిడ లెక్కల మీది అన్నమే. పనివాళ్ళకి సాయం చేయబోతే జనరల్ జనరల్‌లాగే ఉండాలని ఆవిడ ఆపుతుంది. ఆయన ఆదర్శం చెడకుండా ఉండటానికి ఆ ఇంట్లో ఎవరో ఒకరు చేతులు పాడుచేసుకోవాలి, ఆ చేతులు ఆవిడవి.

ఈ చదువు నాకు ఎక్కడినుంచి వచ్చిందో దాచడం ఎందుకు. అమ్మ పోయాక బీరువాలో ఆవిడ చీటీల పుస్తకం దొరికింది. పొడుగాటి లెక్కల పుస్తకం, పాతికేళ్ళది. ఎవరెవరు కట్టారు, ఎవరు పాట పాడారు, ఎవరు ఎగ్గొట్టారు. మధ్యలో గేదెల పాల లెక్క, జాకెట్లు కుట్టిన లెక్క. ఒక పేజీలో నా ఇంజనీరింగ్ ఫీజు ఉంది, పక్కన ఎవరి చీటీ ఎత్తి కట్టిందీ ఉంది. నాన్న జీతంలో ఒక వంతు ప్రతి నెలా పార్టీకి వెళ్ళేది. వచ్చిన కామ్రేడ్స్‌కి భోజనాలు ఉండేవి. అమ్మ వడ్డీ తీసుకుంటుందని నాన్నకి తెలుసు, తెలియనట్టు ఉండేవాడు. ఒకటి రెండుసార్లు, వడ్డీ పీడన అని అన్నం ముందు కూర్చుని చెప్పాడు కూడా. నాన్న సంతాప సభలో పదకొండు మంది మాట్లాడారు, ఆస్తి కూడబెట్టని మనిషి అని. నిజమే. అమ్మకి సంతాప సభ పెట్టాలని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

సరే, చీటీ పాటకీ ఆ ఫ్లాస్కుకీ పోలికేమిటని మీరు అడగొచ్చు. పోలిక లేదు. థ్వీ చేసేది భయంకరం, దాన్ని తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. నా అభ్యంతరం రచయిత ఎంచుకున్న వస్తువు మీద. ఆ ఇంట్లో డబ్బు సంపాదించే పద్ధతి కుక్కపిల్లల అమ్మకం మాత్రమే అయ్యుంటే, మనం జనరల్‌తో కలిసి ఏడ్చేవాళ్ళమా? ఏడ్చేవాళ్ళం కాదు. బహుశా ఆయన మొండితనాన్ని చూసి నవ్వుకునేవాళ్ళం. మనల్ని ఆయన పక్షానికి లాగడానికి థియెప్ పిండాల్ని వాడుకున్నాడు. అవి తెచ్చేది ఆడదే అవ్వాలి, ప్రసూతి డాక్టరే అవ్వాలి. మార్కెట్టు పాపం మొత్తం ఒక తల్లి చేతుల్లో పెడితే బరువు వెంటనే తెలుస్తుంది. కథకుడిగా అది సులువైన దారి. ఆ ఆస్పత్రిలో అన్ని గర్భస్రావాలు ఎందుకు జరుగుతున్నాయో, ఇద్దరు పిల్లలు చాలన్న ప్రచారం ఎవరు చేస్తున్నారో కథలో రాదు. (ఆ విధానం అధికారికంగా గట్టిపడింది 1988లో.) సర్కారు కడిగేసుకున్న చేతులు కనిపించవు, థ్వీ చేతులే కనిపిస్తాయి.

అయినా కథ తన రచయిత కన్నా తెలివైనది. ఆ చిలకల దగ్గర ఆవిడ జవాబు చెప్పకపోవడం చూడండి. డబ్బు కోసమా అనే ప్రశ్న అడగగలిగే స్తోమత ఆ ఇంట్లో ఒక్క జనరల్‌కే ఉంది. ఆవిడ కాదంటే అబద్ధం, ఔనంటే అవమానం. థియెప్ అక్కడ ఒక్క ముక్క కూడా వివరించడు. తనకి అర్థం కాని మనిషి మౌనాన్ని ఉన్నదున్నట్టు రాసిపెట్టాడు. మంచి రచయితలు తమ తీర్పు తప్పైనా సాక్ష్యం సరిగ్గా ఇస్తారు.

ఆ పత్రిక సంపాదకుడి సంగతి కూడా చెప్పి ముందుకు పోతాను. ఙుయెన్ ఙోక్ స్వయంగా యుద్ధకాలపు పేరున్న రచయిత. ఆయన ధైర్యం చేసి వేశాడు. 1987 అక్టోబరులో కొత్త ప్రధాన కార్యదర్శి ఙుయెన్ వాన్ లిన్ రచయితల్ని కూర్చోబెట్టుకుని రెండు రోజులు విన్నాడు, మీ కట్లు మీరే విప్పుకోండన్నాడు. ఏడాది దాటాక, 1988 చివర్లో, ఙుయెన్ ఙోక్‌ని ఆ పత్రిక నుంచి తప్పించారు. బియ్యానికి విప్పిన కట్లు విప్పినట్టే ఉన్నాయి. రచయితలకి విప్పినవి మళ్ళీ బిగించారు. సంస్కరణ అన్నమాటని ఒకే ముద్దగా వాడేవాళ్ళు ఈ తేడా గమనించరు.

బియ్యం మాట వచ్చింది కాబట్టి. 1988 వేసవికి ముందు ఉత్తరాది జిల్లాల్లో జనం ఆకలితో ఉన్నారు, బయటి నుంచి ధాన్యం తెచ్చుకున్నారు. 1989లో వియత్నాం 14 లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేసింది. ఒక్క ఏడాది. నేల అదే, వాన అదే, మనుషులు వాళ్ళే. 1993 భూమి చట్టం తర్వాత కూడా భూమి మొత్తం ప్రజలదే, కానీ వాడుకునే హక్కుని అమ్ముకోవచ్చు, కుదువ పెట్టుకోవచ్చు, పిల్లలకి ఇవ్వొచ్చు. అదే ఏడాది సర్వేలో దారిద్ర్యరేఖ కింద 58 శాతం. 2008 నాటికి సుమారు 14. ఈ అంకెల్ని చూసి మొహం తిప్పుకునే వామపక్ష మిత్రులతో నాకు పేచీ ఉంది. నలభై శాతానికి పైగా మనుషులు రెండు పూటలా తినగలిగే స్థితికి రావడం ద్రోహం ఎలా అవుతుంది? తిన్నవాళ్ళని అడగాలి కదా.

అంకెల్ని చూసి చంకలు గుద్దుకునేవాళ్ళతోనూ పేచీయే. 1989 నుంచే ఆస్పత్రుల్లో ఫీజులు వచ్చాయి. సహకార సంఘాలు పోవడంతో వాటి పిల్లల బడులు, ఊరి వైద్యం నీరసించాయి. ఆ ఖాళీ ఎవరు పూడ్చారు? ఇళ్ళల్లో థ్వీలే పూడ్చి ఉంటారు. 1997లో థాయ్ బిన్‌లో రైతులు స్థానిక అధికారుల అవినీతి మీద, వసూళ్ళ మీద తిరగబడ్డారు. సహకార సంఘాల భూమిని నోరెత్తకుండా ఖాళీ చేయించినవాళ్ళే అవసరమైతే నోరెత్తుతారని అప్పుడు తెలిసింది.

మన కథల దగ్గరకి వస్తే, 1991 తర్వాత ప్రపంచీకరణ మీద తెలుగులో వచ్చిన కథలు చాలా చదివాను. మంచివి ఉన్నాయి. కానీ వాటిలో మార్కెట్టు ఎప్పుడూ బయట నుంచే వస్తుంది. విత్తనాల కంపెనీ, సెజ్, మాల్, అమెరికా వీసా. ఊరు అమాయకంగా ఉంటుంది, భూతం వస్తుంది, ఊరు నాశనం అవుతుంది. ఇంట్లోనే ఎప్పటినుంచో లెక్కలు రాసుకుంటూ కూర్చున్న మనిషి కథలో ఉండదు. వియత్నాంలో సంస్కరణలు ఆమోదించిన 1986లోనే మన దగ్గర స్త్రీశక్తి సంఘటన వాళ్ళ 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చింది. సాయుధ పోరాటంలో ఆడవాళ్ళు ఏం మోశారో, తర్వాత వాళ్ళని ఇంటికి ఎలా పంపేశారో వాళ్ళ నోటితోనే చెప్పించిన పుస్తకం. ఇంటికి పంపాక ఆ ఇళ్ళు ఎలా గడిచాయన్నది ఇంకో పుస్తకం అవుతుంది. అమ్మ చీటీల పుస్తకం అందులో ఒక అధ్యాయానికి సరిపోతుంది.

ఈ మధ్య 'రిటైరైన జనరల్'ని తెలుగులోకి తెద్దామని మొదలుపెట్టాను. ఇంగ్లీషు మీదుగా చేయడం ఎంతవరకు సబబో తెలియదు గానీ, మన తరంలో వియత్నామీస్ వచ్చిన తెలుగువాళ్ళు నాకు తగల్లేదు. మొదటి పేజీలన్నీ సాఫీగా జరిగాయి. బారక్సు జోకు మన నోట్లో ఇంకా బాగా పేలింది. ఆగిపోయింది చిలకల దగ్గర. మన ఇళ్ళల్లో కోడలు మామగారితో మాట్లాడితే 'మామయ్యగారూ' అనే మాట వేయక తప్పదు. వేస్తే ఆ సలహాలో అణకువ వచ్చేస్తుంది, కథలో ఆవిడ గొంతులో అణకువ ఉందని నాకు అనిపించదు. తీసేస్తే వెటకారం వస్తుంది, అదీ లేదు. మూడు రకాలుగా రాసి కొట్టేశాను. ఇక ఆ తర్వాతి వాక్యం, ఆవిడ ఏమీ అనలేదన్నది. మొదట 'మౌనంగా ఉండిపోయింది' అని రాశాను. అది మరీ సీరియల్‌లో కోడల్లా ఉంది. 'జవాబు చెప్పలేదు' అని మార్చాను. అప్పుడు అమ్మ గుర్తొచ్చింది, వడ్డీ పీడన అని నాన్న అంటున్నప్పుడు చారు గిన్నె ఇటు జరిపి, ఇంకాస్త వేయనా అని అడగడం. కాగితం అక్కడే మడిచి పెట్టాను.